చదువురాని డాక్టరమ్మ

మంత్రసాని! మన మొయినాబాద్, హిమాయత్‌నగర్ వైపు పెద్దవాళ్ళకు ఈ మాట కొత్తేం కాదు. ఇప్పుడు కాన్పంటే ఆసుపత్రికే వెళ్ళాలి, అదే క్షేమం కూడా. మరి డాక్టరు దొరకని రోజుల్లో?

కర్ణాటకలోని పావగడ ప్రాంతపు తెలుగావిడ సూలగిత్తి నరసమ్మ సంగతి చూడండి. మంత్రసానితనం ఇంట్లో పెద్దావిడ దగ్గరే నేర్చుకుంది. తనకు పుట్టిన పన్నెండుమందిలో నలుగురు పసితనంలోనే పోయారు. ఆ కడుపుకోత తెలిసిన మనిషి కాబట్టేనేమో, ఎవరు పిలిచినా పరుగున వెళ్ళేది. పదిహేను వేలకు పైగా కాన్పులు చేసిందంటారు. పైసా పుచ్చుకోలేదు!

అక్షరం రాని ఆమెకు 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ డిసెంబరు 25నే, తొంభై ఎనిమిదో ఏట, నరసమ్మ కన్నుమూసింది.