వర్ణం దగ్గర అటకెక్కుతున్న ఫిడేళ్లు

విజయనగరం: ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు నేర్పిన ఊరిది. 1919లో వెలసిన ఇక్కడి సంగీత కళాశాలకు 1936లో ఆయన ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఫిడేలు నేర్చుకునే పిల్లలకు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు చకచకా వచ్చేస్తాయి. వర్ణం దగ్గరకు వచ్చేసరికి చాలామందికి చెయ్యి ఆగిపోతుంది. నెలల తరబడి వాయించినా ముందుకు సాగదు. విద్య అబ్బలేదని ఇంట్లోవారు తేల్చేస్తారు. అప్పు చేసి కొన్న ఫిడేలైనా సరే, అటకెక్కుతుంది.

తొందరపడి తీర్పు చెప్పడమే ఇది. లోపం ఎక్కువగా సాధనలో ఉంటుంది. రోజూ మొదటి నుంచి చివరిదాకా వేగంగా లాగించేస్తే, తప్పు పడిన చోట మళ్లీ అదే తప్పు పడి చేతికి అలవాటైపోతుంది. వీణకున్నట్లు ఫిడేలుకు మెట్లు లేవు. వేలు ఎక్కడ ఆనాలో చెప్పేది చెవే. అందుకని తడబడే నాలుగు స్వరాలనే విడదీసి, ముందు శ్రుతిలో నోటితో పాడుకోవాలి. ఆ తరువాత కమాను నిండుగా లాగుతూ మొదటి కాలంలోనే వాయించాలి. పక్కన ఎవరైనా తాళం వేస్తే మరీ మంచిది. పొలం పనుల రోజుల్లో తెల్లవారుజామున పావుగంట దీనికే కేటాయించినా ఫలితం ఉంటుంది. వరుసగా అయిదారుసార్లు తప్పు లేకుండా పలికాకే రెండో కాలం ఎత్తుకోవాలి.