పులి–మేక ఆట: ఎన్ని మేకలైతే న్యాయం?



పోయిన నెల మన వరండాల పులి–మేక ఆట దగ్గర కొట్లాట అయిన సంగతి అందరికీ తెలుసు. ఆరవ తరగతి చెల్లె ఒకామె ఏడ్చుకుంట పోయి రాత్రి అన్నం తినలేదు. మా ఇంటికి పోత అని మూట కట్టుకున్నది. తెల్లారి మేడం గారు బొగ్గు గీతలు కడిగించి, ఇక ఈ ఆట వద్దు అన్నరు. మేడం గారిది తప్పు కాదు. కాని ఆటది కూడ తప్పు కాదు. మేము లెక్క తప్పి ఆడినం. ఆ లెక్క ఏందో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఆట తెలువని వాళ్ళ కోసం ముందు గీత చెప్తాను. పైన ఒక కొస. ఆ కొస నుండి నాలుగు గీతలు విచ్చుకుంట కిందికి వస్తయి. వాటి మీద నుండి మూడు అడ్డగీతలు పోతయి. ఇవి రెండు దిక్కుల కొంచెం బయటికి ఉంటయి. ఆ బయటి చివర్లను ఇటొక నిలువు గీత, అటొక నిలువు గీత కలుపుతయి. అన్నిటికంటె అడుగున ఇంకొక అడ్డగీత నాలుగు గీతల చివర్లను కలుపుతది. గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి. కొస 1, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23.

పులులు 3, మేకలు 15. మేము పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు పెడుతం. పులులు ముందుగాల పైన కొస దగ్గర కూసుంటయి. మేకల ఆమె ఒక గింజ పెడుతది, పులుల ఆమె ఒక అడుగు వేస్తది. 15 గింజలు పెట్టుడు అయ్యేదాక మేకలు కదలొద్దు. తర్వాత అవి కూడ ఒక్కొక్క అడుగు జరుగుతయి. పులి పక్కన మేక ఉండి, ఆ మేక వెనుక అదే గీత మీద ఖాళీ ఉంటె, పులి దుంకి మేకను తింటది. మేక పులిని తినలేదు. మూడు పులులు కదలకుండ కట్టేస్తె మేకలు గెలిచినట్టు. మా ఊర్ల అయితె 5 మేకలు పోతె పులి గెలిచినట్టు.

ఇప్పుడు కొట్లాట సంగతి. ఆట అనంగనే అందరికీ పులే కావాలె. పెద్దక్కలు పులి తీసుకుంటరు, చిన్నోళ్ళకు మేకలు మిగులుతయి. ఒకనాడు గింజలు పోయినయని 12 మేకలతోనే ఆడినం. మేకలు ఒక్కసారి గూడ గెలువలేదు. చిన్నోళ్ళు మొత్తుకుంటె, అయితే 20 తీసుకోండ్రి అని ఒక అక్క అన్నది. ఇప్పుడు పులి కదలరాలేదు, అక్కలకు కోపమొచ్చింది. దానికి తోడు కరీంనగర్ దిక్కు నుండి వచ్చిన పిల్లలు మేకలన్ని అయిపోయేదాక ఆడాలె అంటరు, మేము 5 చాలు అంటం. ఆఖరికి గింజలు మొఖం మీద విసురుకున్నం.

ఆ రాత్రి స్టడీ అవర్ అయినంక నోటుబుక్కు వెనుక నేను లెక్క వేసిన. 3 పులులు, 15 మేకలు కలిస్తె 18. మొత్తం 23 చోట్లల్ల ఖాళీ 5. అదే 12 మేకలైతె ఖాళీ 8. పులి ఎటు దుంకినా జాగ దొరుకుతది. 18 మేకలైతె ఖాళీ 2 మాత్రమే. 20 అయితె, ఒక్క మేక పోకుంటె 23 నిండిపోతయి, ఖాళీ సున్న. అప్పుడు అది ఆటనే కాదు. దీన్ని బట్టి నాకు తెలిసింది ఏమంటే, పులి బలం పులిలో లేదు, ఖాళీ చోట్లల్ల ఉన్నది. పెద్దలు 15 అని ఊకనే పెట్టలేదు.

ఇంకొక సంగతి. 23 చోట్లు ఒక్కతీరుగ ఉండవు. వేలు పెట్టి చూడండి. 7 చోట్ల మేకను పులి తినలేదు. బయటి నిలువు గీతల చివర్లు నాలుగు, అడుగు గీత చివర్లు రెండు, పైన కొస ఒకటి. అక్కడ గీత ఆగిపోతది కాబట్టి అవతలికి దుంకెటందుకు చోటు ఉండదు. చిన్న చెల్లెండ్లు గింజను నడుమల పెడుతరు, పులి ఎంటనే దుంకుతది. మూలల నుండి మొదలు పెట్టి, మేక వెనుక మేక ఉండేటట్టు పెట్టుకుంట రావాలె.

ఇది నేను మా బాపును చూసి నేర్చుకున్న. మా బాపు మేకలు కాస్తడు. మాకు దగ్గరి కవ్వాల్ అడవిని 2012లో పులుల రిజర్వుగ ప్రకటించిండ్రు. పొద్దు గూకే యాళ్ళకు బాపు మందను చెదరనియ్యడు. వెనుక పడ్డ మేకనే పోతది అంటడు.

మరి 15 మేకలున్నా చిన్నోళ్ళు ఎందుకు ఓడుతరు? ఎందుకంటే పులి ఆడుడు అల్కగ ఉంటది, మేకలు ఆడుడు కష్టం. పులికి ఒక్క దుంకుడు తెలిస్తె చాలు. మేకల ఆమె 15 గింజలను ఒకేసారి చూసుకోవాలె. కొత్తోళ్ళ మధ్య పులి బలం, నేర్చినోళ్ళ చేతిల మేకలే బలం.

ఈ సంగతి లెక్కల సార్‌ను అడిగితె, ఇది వేరే దేశాల ఆటలల్ల గూడ ఉన్నదని చెప్పిండు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చిండ్రు. అందులో ఒకరు కత్తి వీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు పూజారి అయి, కథల తీరుగ కలిసి రాక్షసులతో కొట్లాడుతరు. ఆ ఆట కొత్తగ వచ్చినప్పుడు మంత్రగాడు మొదట్ల ఒక్క మంత్రంతోనే ఉండేటోడు, ఒక్క దెబ్బకు పడిపోయేటోడు. పోను పోను వీరుని కంటె వాడే గట్టివాడు అయ్యేటోడు. నేపాల్‌లో బాగ్‌చాల్ అనే ఆట మన ఆటకు చుట్టం లెక్క. 25 చోట్లు, 4 పులులు, 20 మేకలు. రెండు దిక్కుల ఒక్క తప్పు గూడ చేయకుంటె ఎవరూ గెలువరని కంప్యూటర్‌తో లెక్క తీసిండ్రు. అది 2009లో పుస్తకంలో అచ్చయింది. చూసిండ్రా, పులి పులే, మేక మేకనే. అయినా సరిసమానం కావచ్చు.

కాబట్టి నేను చెప్పేది ఇది:

1. గింజలు పోతె ఏరుకొని రావాలె. 15 కంటె తక్కువ వద్దు, ఎక్కువ వద్దు.
2. ఎన్ని మేకలు పోతె ఆట అయిపోతదో మొదలు పెట్టకముందే చెప్పుకోవాలె.
3. ఎప్పుడూ జోడు ఆట ఆడాలె. ఒకసారి నువ్వు పులి, ఒకసారి నేను పులి. రెండు ఆటలు అయినంక ఎవరి మేకలు తక్కువ పోయినయో వాళ్ళు గెలిచినట్టు.
4. కొత్తగ నేర్చే చెల్లెకు మూలలు చూపించినంకనే ఆట పెట్టాలె.

మేడం గారు, ఒక మాట దాచకుండ చెప్తాను, క్షమించండి. పోయిన మూడు ఆదివారాలు నేల మీద గీయలేదు కాని, కాయితం మీద గీసి ఆ చెల్లెతోనే జోడు ఆట ఆడిన. మొదటి వారం ఆమె మేకలు 5 పోయినయి. రెండో వారం గూడ 5. మూడో వారం 3 మాత్రమే పోయినయి, నా మూడు పులులను అడుగు గీత దగ్గర కట్టేసింది. ఇంకొక ఆట ఆడుదామక్కా, ముందు మేకలు నాకే ఇయ్యి అన్నది. ఆమె మూట ఇప్పిందో లేదో నేను అడుగలేదు. పెట్టె మీద మాత్రం కనిపిస్తలేదు. మా ఇంట్ల బడికి వచ్చినది నేనే మొదలు. ఆరవ తరగతిల నేను గూడ రెండుసార్లు మూట కట్టిన. అందుకే ఇంత రాసిన.

ఆదివారం ఒక్క గంట వరండాల మళ్ళ గీసుకోనియ్యాలని మనవి. ఆట అయినంక మేమే కడుగుతం. నా రాతలో తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి