భంగారుకు పోయే మగ్గం సామానుతో స్టీమ్‌పంక్ కోల్లాజ్

హోట్గి రోడ్ వైపు మన ఇళ్లల్లో అటక వెతికితే ఒక నాడె, నాలుగు కండెలు, దారంతో కుట్టిన జకార్డు అట్టలు ఇంకా దొరుకుతాయి. షటిల్ లేని కొత్త మగ్గాలు వచ్చాక పాతవి కిలోల లెక్కన భంగారుకు పోతున్నాయి. మా పిల్లలు స్కూలు ప్రాజెక్టుకు ‘స్టీమ్‌పంక్ కోల్లాజ్’ అనగానే ప్లాస్టిక్ పళ్లచక్రాలు కొనుక్కోమన్నాం. తర్వాత మాకే సిగ్గేసింది.

ఆవిరి యంత్రాల కాలమే ఆగకుండా సాగి ఉంటే లోకం ఎట్లుండేదో ఊహించడమే స్టీమ్‌పంక్. ఈ పేరు 1987లో అమెరికా రచయిత కె.డబ్ల్యు. జీటర్ పెట్టింది. 1990లో వచ్చిన ‘ది డిఫరెన్స్ ఇంజిన్’ నవల చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రం చుట్టూ తిరుగుతుంది. బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్‌కు చిల్లుల అట్టల ఆలోచన తీసుకున్నది జకార్డు మగ్గం నుంచే! చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మన చాదర్ మీద పువ్వు పడేది అట్లనే.

ఇక పని. మందపాటి ప్లైవుడ్‌కు నల్లరంగు వేసి ఆరనివ్వండి. ముందు జకార్డు అట్టలు ఫెవికాల్ పలుచగా రాసి అతికించి, రాత్రంతా బరువు పెట్టండి. పైన పాత చాదర్ ముక్క, అంచు పోగులు విప్పి, పడుగు పేక కనబడేటట్టు. ఇనుప సామాను కిరోసిన్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాలి. మేము నూనె జిడ్డు పోగొట్టకుండా అతికిస్తే తెల్లారేసరికి చక్రాలన్నీ కిందే ఉన్నాయి. లోహానికి ఫెవికాల్ ఆగదు, అరాల్డైట్ రెండు ట్యూబులు సమంగా కలిపి వాడండి. బరువైనవైతే ప్లైవుడ్‌కు చిల్లులు వేసి తీగతో కట్టాల్సిందే. చివర్న దాదాపు ఆరిపోయిన కుంచెతో రాగిరంగు అంచుల మీద మాత్రం తాకించండి.

చక్రాలు అందంగా పేర్చామనుకున్నాం. మా ఇంటి పెద్దాయన చూసి, “ఈ చక్రం దాన్ని తిప్పదు బిడ్డా” అని రెండు నిమిషాల్లో పళ్లకు పళ్లు కలిపారు. ఆ సాయంత్రం పిల్లలకు మగ్గం అంతా చెప్పారు, మాకు ఎన్నడూ చెప్పనివి కూడా.

అయితే అప్పటికే ఆయన నాడెకు మేము డ్రిల్లుతో చిల్లు వేశాం. చేతిలోకి తీసుకుని వేలితో ఆ చిల్లు తడిమారు, ఏమీ అనలేదు. మీరు నాడెను పోగుతో కట్టండి, కావాలంటే విప్పుకోవచ్చు. ఎవరు నేసిన మగ్గానిదో పలక వెనక రాసిపెట్టండి, రాసేముందు పెద్దలను అడగండి.