పక్షికి దూరంగా ఉంటూనే దగ్గరి చిత్రం: స్పాటింగ్ స్కోప్‌తో ఛాయాచిత్రణ

శీతాకాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రహదారి పులికాట్ సరస్సును దాటుతుంది. నీరు నిండిన ఏడాది ఆ దారిలో నిలబడితే దూరాన ఫ్లెమింగోల గుంపులు గులాబీ రంగు చారల్లా కనిపిస్తాయి. సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తే అందులో చుక్కలు మాత్రమే మిగులుతాయి. దగ్గరకు వెళ్లబోతే మేత మాని పక్షులు ఎగిరిపోతాయి. పక్షిని కదిలించకుండా, ఖరీదైన పెద్ద లెన్స్ అవసరం లేకుండా దాని రూపాన్ని చిత్రించేందుకు ఉన్న మార్గాల్లో ఒకటి డిజిస్కోపింగ్. స్పాటింగ్ స్కోప్ అనే దూరదర్శిని వెనుక కెమెరానో, ఫోన్‌నో అమర్చి ఫొటో తీయడమే ఈ పద్ధతి. 1999 ప్రాంతంలో మలేసియా పక్షి పరిశీలకుడు లారెన్స్ పో చిన్న డిజిటల్ కెమెరాతో తీసిన చిత్రాల ద్వారా ఇది ప్రపంచవ్యాప్తంగా ప్రచారంలోకి వచ్చింది.

అంకెలు చెప్పే సంగతి

స్కోప్‌పై '20-60×80' అని ఉంటే, అది దృశ్యాన్ని 20 నుంచి 60 రెట్లు పెద్దదిగా చూపుతుందని, దాని ముందరి కటకం వ్యాసం 80 మిల్లీమీటర్లని అర్థం. చాలా ఫోన్లలోని ప్రధాన కెమెరా దాదాపు 26 మిల్లీమీటర్ల లెన్స్‌కు సమానం. 20 రెట్ల స్కోప్‌తో కలిస్తే అది సుమారు 520 మిల్లీమీటర్ల టెలిఫొటో లెన్స్‌తో సమానమైన దృశ్యాన్ని ఇస్తుంది.

అలాగని 60 రెట్లకు పెంచితే చిత్రం మూడింతలు మెరుగవుతుందని భావించరాదు. కటకం వ్యాసాన్ని రెట్ల సంఖ్యతో భాగిస్తే స్కోప్ నుంచి వెలువడే కాంతిపుంజం వెడల్పు తెలుస్తుంది. 20 రెట్ల వద్ద అది 4 మిల్లీమీటర్లు కాగా, 60 రెట్ల వద్ద 1.3 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే చిత్రంపై పడే వెలుగు తొమ్మిదో వంతుకు తగ్గిపోతుంది. చేతి వణుకు, గాలి తాకిడి మాత్రం మూడు రెట్లు అధికంగా కనిపిస్తాయి. అందువల్ల కొత్తవారు అతి తక్కువ రెట్లతో ప్రారంభించడం మేలు.

నిలకడే పునాది

స్కోప్ కంటే ముందుగా శ్రద్ధ వహించవలసింది ట్రైపాడ్ విషయంలో. తేలికపాటి స్టాండు చిన్న గాలికే ఊగుతుంది. దాని కాళ్లను పూర్తిగా చాపకుండా తక్కువ ఎత్తులో నిలిపితే కదలిక తగ్గుతుంది. కంటి భాగం ఏటవాలుగా ఉండే స్కోప్ అందుకు అనువైనది. పక్షిని త్వరగా వెతికి పట్టుకోవడానికి మాత్రం నేరుగా చూసే స్కోప్ సులువు.

ఫోన్‌ను చేత్తో పట్టుకుని కూడా ఫొటో తీయవచ్చు గానీ, ఆ రెండింటినీ కలిపి బిగించే అడాప్టర్ ఉంటే పని తేలికవుతుంది. ఫోన్ ప్రధాన లెన్స్ స్కోప్ కంటి కటకం మధ్యకు సరిగ్గా రావాలి. చిత్రం చుట్టూ నల్లని వలయం కనిపిస్తే ఫోన్‌లో కొద్దిగా జూమ్ చేయాలి. అయితే కొన్ని ఫోన్లు జూమ్ చేయగానే తమంతట తామే వేరే లెన్స్‌కు మారతాయి. అప్పుడు తెర ఒక్కసారిగా నల్లబడుతుంది. కొత్తవారిని తికమకపెట్టే ఈ ఇబ్బందిని ప్రధాన లెన్స్‌కే పరిమితమయ్యే అమరికతో నివారించవచ్చు.

మొదట కంటితో చూసి స్కోప్ ఫోకస్‌ను సరిచేయాలి. ఆ తరువాత ఫోన్ అమర్చి, తెరపై పక్షి కంటి వద్ద స్పష్టత చూసుకుని మరోసారి సవరించాలి. తెరను వేలితో నొక్కితే స్కోప్ కదులుతుంది కనుక రెండు సెకన్ల టైమర్ గానీ, బ్లూటూత్ రిమోట్ గానీ వాడాలి. తెల్లని కొంగ, గూడబాతు వంటి పక్షుల ఈకల వివరాలు వెలుగులో కలిసిపోకుండా ప్రకాశాన్ని కొంత తగ్గించుకోవాలి. తొలి సాధనకు దూరంలోని నామఫలకం, ఆపై నీటి ఒడ్డున కదలకుండా నిలిచే కొంగ తగినవి. ఎగిరే పక్షులను చిత్రించడానికి ఈ పద్ధతి అంతగా పనికిరాదు.

సమయం, దూరం

మిట్టమధ్యాహ్నం వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలి దృశ్యాన్ని అలల్లా కదిలిస్తుంది. ఎంత మేలైన స్కోప్ అయినా ఈ లోపాన్ని సరిదిద్దలేదు. ఉదయపు చల్లదనంలో, సూర్యుడిని వీపు వెనుక ఉంచుకుని తీసిన చిత్రాలు స్పష్టంగా వస్తాయి.

ఈ చిత్రాల విలువ అందానికే పరిమితం కాదు. 1883లో ఏర్పడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు వలస పక్షుల కాళ్లకు గుర్తింపు ఉంగరాలు, రంగు పట్టీలు కడుతుంటారు. పట్టీపై ఉన్న అక్షరాలు దూరం నుంచి తీసిన ఫొటోలో చదవగలిగితే, పక్షిని మళ్లీ పట్టుకోకుండానే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలోనూ అనుమానమున్న జాతిని నిర్ధారించుకోవడానికి ఇటువంటి చిత్రం ఆధారమవుతుంది.

గూళ్ల వద్ద మరింత జాగ్రత్త అవసరం. నేలపట్టులో గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. మనుషుల అలికిడికి తల్లిపక్షి గూడు వదిలితే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు చిక్కుతాయి. అభయారణ్యాల్లో నిర్దేశించిన దారులను దాటకూడదు. చిత్రీకరణకు అటవీ శాఖ నిబంధనలను ముందుగానే తెలుసుకోవాలి. పక్షి మేత ఆపి తల ఎత్తి చూస్తున్నదంటే ఇక ముందుకు వెళ్లరాదని అర్థం. అక్కడే ఆగి, కాస్త వెనక్కి తగ్గి స్కోప్‌ను నిలపడమే సరైన పని.