పిల్లికీ ఒక ఇంటిపేరు

పిల్లి ఎదురైతే వెనక్కు వచ్చి, కాసేపు కూర్చొని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరే పెద్దలు మన ఇళ్లలో ఇంకా వున్నారు. మనం పిల్లి అన్నా, ఇక్కడి ఇరుగుపొరుగు కన్నడంలో బెక్కు అన్నా, మన ఇళ్లలో దానికున్న ఉద్యోగం ఎలుకలు పట్టడమే. అటువంటి జంతువుకు ఒళ్లు దువ్వి, వంశవృక్షం రాసి, నూరు మార్కులకు పరీక్షపెట్టి, బహుమతి ఇచ్చే వేడుక ఒకటి ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో పెరిగి, ఇప్పుడు బెంగళూరు, ముంబయి వంటి మన నగరాలకూ వచ్చింది. పర్షియన్ పిల్లిని కొనిపెట్టమని పిల్లలు మారాం చేసే ఇళ్లు మనలోనూ లేకపోలేదు. అందుచేత ఈ సరదా ఎటువంటిదో, దానిలోని మంచిచెడ్డలేమిటో నాలుగు మాటలు చెప్పుకుందాం.

మొదటి ప్రదర్శన

1871 జూలై 13వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన ఏర్పాటుచేశాడు. నలుగురూ చీదరించుకొనే జంతువును ఆదరంతో చూసేటట్లు చేయాలన్నదే ఆయన కోరిక. సయాం దేశపు పిల్లులు కూడా అక్కడ కొలువుతీరినవి. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్ ఏర్పడినప్పుడు ఆయనే మొదటి అధ్యక్షుడు. కాని కొన్నేళ్లకే ఆ పదవి వదులుకున్నాడు. సభ్యులకు పిల్లుల క్షేమంకంటె పతకాలమీద ధ్యాస ఎక్కువైనదని ఆయన బాధ. ఆనాటి ఆ తగవు నేటికీ తీరలేదు.

దస్తరం పని

నాబోటి గుమాస్తాకు నచ్చేది ఈ సరదాలోని రిజిస్టర్లు. అమెరికాలో 1906లోను, ఇంగ్లండులో 1910లోను ఏర్పడిన పెద్ద సంఘాలు పిల్లుల పుట్టుకలను ఈనాటికీ నమోదు చేస్తున్నవి. పిల్లులు పెంచే కుటుంబం ముందుగా ఒక పేరు రిజిస్టరు చేసుకుంటుంది. ఆ ఇంట పుట్టిన ప్రతి కూనకూ ఆ పేరు ముందు, సొంత పేరు తరువాత. అచ్చంగా మన ఇంటిపేరు పద్ధతే. కూన మరొక ఇంటికి వెళ్లినా పుట్టింటి పేరు దానిని విడిచిపోదు.

ఆ కాగితం నిజం చెప్పాలంటే కాపలా గట్టిగా వుండాలి. ఒకే కాన్పులోని కూనలకు వేరువేరు తండ్రులు వుండటం పిల్లులలో సంభవమే. అందుచేత జతకట్టించిన తరువాత కూడా తల్లిని కొన్నాళ్లు గది దాటనివ్వరు. సుమారు తొమ్మిది వారాలకు అది ఈనుతుంది. పదమూడు వారాలు నిండకుండా కూనను తల్లినుంచి వేరుచేసి అమ్మరాదని ఇంగ్లండు సంఘం నియమం.

వంశవృక్షం గొప్పలకోసం కాదు, దగ్గర సంబంధాలు తప్పించడానికి. మేనరికాలు ఎరిగిన మనకు ఈ లెక్క సులువుగా బోధపడుతుంది. ఒకే పూర్వీకుని జన్యువు తల్లివైపునుంచీ తండ్రివైపునుంచీ కూడా బిడ్డకు వచ్చే అవకాశం మేనత్త మేనమామ బిడ్డల పెళ్లిలో నూటికి 6.25. మేనమామ మేనకోడళ్ల పెళ్లిలో 12.5. తోబుట్టువుల పిల్లులను జతకడితే 25. దాగివున్న జబ్బులు బయటపడేది అలాంటప్పుడే. బహుమతి పొందిన మగపిల్లి ఒకటి వుంటే అందరూ దాని సంతానమే కోరుతారు. నాలుగు తరాలు తిరిగేసరికి ఊరి పిల్లులన్నీ దాయాదులే.

అందానికి ఖరీదు

ప్రతి జాతికీ ఒక కొలత వుంటుంది. అమెరికా సంఘం నూరు మార్కులలో పర్షియన్ తలకు 30, శరీరానికి 20, రంగుకు 20, బొచ్చుకు 10, కంటి రంగుకు 10 ఇస్తుంది. మిగిలిన పది పొందికకు, నాజూకుకు. గుండ్రటి చప్పిడి ముఖం ముద్దుగా వుంటుందని తరతరాలుగా దానినే ఎంచుకోగా, ముక్కు లోపలికి పోయి, కళ్లు నీరుకారి, ఊపిరికి ఆయాసపడే పిల్లులు తయారైనవి.

స్కాట్లండులో 1961లో చెవులు ముందుకు మడిచివున్న ఒక పిల్లి కనిపించింది. ఆ చెవులు చూసి జనం మురిసిపోయారు. ఆ మడతకు కారణం మృదులాస్థిలోని లోపం. అదే లోపం కాళ్ల కీళ్లను కూడా పట్టి నొప్పిపెడుతుందని తరువాత తెలిసింది. ఇంగ్లండు సంఘం ఆ జాతి నమోదును ఆపివేసింది.

పర్షియన్లకు మూత్రపిండాలలో నీటితిత్తులు పెరిగే వంశవ్యాధి ఒకటి వున్నది. తల్లిదండ్రులలో ఒకరికి వుంటే చాలు, ప్రతి కూనకూ సగానికి సగం అవకాశం. దానికి మూలమైన జన్యులోపాన్ని 2004లో గుర్తించారు. అప్పటినుంచి బుగ్గ లోపలి తడిని దూదిపుల్లతో తీసి పరీక్షకు పంపితే చాలు, సంగతి తేలిపోతుంది.

నెత్తుటి గ్రూపు కూడా చూడాలి. బ్రిటిష్ షార్ట్‌హెయిర్ వంటి జాతులలో బి గ్రూపు తల్లులు ఎక్కువ. అటువంటి తల్లికి ఎ గ్రూపు కూనలు పుడితే, మొదటి రోజు తాగే తల్లిపాలే వాటి ప్రాణం తీయవచ్చు. ముందే పరీక్ష చేయించిన ఇంటివారు మొదటి రోజు సీసాపాలు పట్టి కూనలను కాపాడుకుంటారు.

పిల్లలకు పాఠం

ఇంత కష్టంలోనూ ఇంటిల్లిపాదీ నేర్చుకొనేది ఎంతో వున్నది. సయామీ కూన తెల్లగా పుడుతుంది. తరువాత ఒంట్లో చల్లగా వుండే ముక్కు, చెవులు, పాదాలు, తోక మాత్రమే నల్లబడుతవి. మన వీధిలో తిరిగే మూడురంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే, ఎందుకంటే ఎర్రరంగు జన్యువు లింగనిర్ణయం చేసే ఎక్స్ క్రోమోజోముమీద వుంటుంది.

ఇంగ్లండులో పాత పద్ధతి ప్రదర్శనకు పోతే తలుపు దగ్గరే పశువైద్యుడు పరీక్షిస్తాడు. బోనులో తెల్లటి పరుపు, బయట ఒక నంబరు, అంతే. యజమాని ఎవరో న్యాయనిర్ణేతకు తెలియరాదు. చాలా ప్రదర్శనలలో వంశపత్రం లేని మామూలు పిల్లులకూ ఒక తరగతి వుంటుంది. అక్కడ ఆరోగ్యానికి, శుభ్రతకు, మంచి స్వభావానికి మార్కులు.

కొనదలచినవారికి నా మనవి ఇది. మన బజారులో పర్షియన్ అని అమ్మే కూనలన్నిటికీ వంశపత్రం వుండదు. తల్లిని చూపించమనండి. పరీక్షల కాగితాలు అడగండి. అవి లేవంటే లేచి రండి. మన వేసవిలో ఆ ఒత్తయిన బొచ్చుకు నీడ, గాలి, రోజూ దువ్వే చేయి కావాలి. ఆ ఓపిక లేకపోతే వీధిలోని కూననే చేరదీసి, టీకాలు వేయించి, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించి పెంచుకోవచ్చు. బహుమతి కోరిక వుంటే మామూలు పిల్లుల తరగతి వుండనే వున్నది. ఏ పిల్లిని తెచ్చినా టీకాల పుస్తకం, బరువు లెక్క రాసే పని ఇంట్లో ఒక బిడ్డకు అప్పగించండి, వారానికొకసారి మీరు కూడా ఆ పుస్తకం తిరగవేయండి.