విశాఖలో బోదకాలు వ్యాధి – వ్యాప్తి, నియంత్రణ

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం మొదలుకొని గోదావరి జిల్లాల వరకు గల కోస్తా ప్రాంతంలో బోదకాలు వ్యాధి చిరకాలంగా వేళ్ళూనుకొని ఉన్నది. దీనిని అరికట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఫైలేరియాపై శిక్షణ, పరిశోధనల నిమిత్తం దేశంలో నెలకొల్పిన కేంద్రాలలో ఒకటి రాజమండ్రికి దక్కడం ఇక్కడి తీవ్రతకు నిదర్శనం.

వ్యాధి కారకం ఉచరేరియా బాంక్రాఫ్టీ అనే దారపు పోగు వంటి పురుగు. ఇది శోషరస నాళాలలో 6 నుండి 8 సంవత్సరాలు జీవిస్తూ మైక్రోఫైలేరియా అనే సూక్ష్మమైన పిల్ల పురుగులను లక్షల సంఖ్యలో విడుదల చేస్తుంది. ఇవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, రాత్రివేళ చర్మం క్రింది రక్తంలోనికి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రివేళనే. సిబ్బంది రాత్రి 8 గంటల తరువాత తలుపు తట్టి రక్త నమూనాలు కోరడానికి కారణమిదే; పగటి నమూనాలో పురుగు సాధారణంగా కనిపించదు. ఈ పురుగు దోమలో పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలో కనుగొన్నారు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా రహస్యాన్ని ఛేదించడానికి ఇరవై ఏళ్ళ ముందు మాటిది.

క్యూలెక్స్ దోమకు మురుగునీరే పుట్టినిల్లు. విశాఖలో కొండల నుండి సముద్రం వైపు దిగే గెడ్డలు చెత్తతో పూడి నీరు నిలిచిన చోట్ల, మూతలేని సెప్టిక్ ట్యాంకులలో ఇవి వృద్ధి చెందుతాయి. రేవు, ఉక్కు కర్మాగారాలలో ఉపాధి కోసం పొరుగు జిల్లాల నుండి, ఒడిశా నుండి వచ్చిన శ్రామికులు నివసించే ఇరుకు వాడలలో మురుగు పారుదల సరిగా లేనిచోట ప్రమాదం మరింత అధికం. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి వలగుడ్డ కట్టడం స్వల్ప వ్యయంతో అయ్యే పని. అయినా చాలామంది దానిని పట్టించుకోరు.

2004లో దేశంలో సామూహిక ఔషధ పంపిణీ విస్తృతంగా మొదలైంది. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర వ్యాధిగ్రస్తులు మినహా అందరూ ఏడాదికొకమారు డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు మింగడం దీని సారాంశం. 15 ఏళ్ళు దాటినవారికి డి.ఇ.సి. మోతాదు 300 మిల్లీగ్రాములు. 2018 నుండి ఎంపిక చేసిన జిల్లాలలో ఐవర్‌మెక్టిన్‌ను కూడా జోడించారు. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగినపుడే వ్యాప్తికి అడ్డుకట్ట పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. జబ్బులేనివారికి మందెందుకన్న సందేహంతో మాత్రలు తీసుకొని గూటిలో దాచేవారున్నారు. షిఫ్టు పనులకు వెళ్ళినవారు ఇంటివద్ద దొరకరు. కాబట్టి పంపిణీ లెక్క వేరు, మింగినవారి లెక్క వేరు. సిబ్బంది ఎదుటనే మింగించాలన్న నిబంధన అందుకే వచ్చింది. మాత్ర వేసుకొన్నాక కొందరికి కలిగే జ్వరం, తలనొప్పి సాధారణంగా రక్తంలోని పురుగులు చనిపోవడం వల్ల వచ్చేవే. ఒకటి రెండు రోజులలో తగ్గిపోతాయి. మాత్రలు పరగడుపున వేసుకోరాదు.

ముదిరిన బోదకాలు ఈ మాత్రలతో మామూలు స్థితికి రాదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, కాలిని ఎత్తులో ఉంచితే చలిజ్వరంతో వచ్చే వాపు దాడులు తగ్గుతాయి. వరిబీజానికి శస్త్రచికిత్స ఉంది. రెండు కాళ్ళకూ నాలుగవ దశ బోదకాలు ఉన్నవారిని రాష్ట్ర సామాజిక పింఛను పథకంలో చేర్చారు.