నృత్యోత్సవమునకు తాతలనాటి టెయిల్‌కోటు

1897వ సంవత్సరము జూలై 2వ తేదీ రాత్రి లండను నగరమున డెవన్‌షైర్ డ్యూకు భవనమునందు ఒక గొప్ప వేషనృత్యము జరిగినది. విక్టోరియా రాణి సింహాసనమెక్కి అరువది సంవత్సరములు నిండిన సందర్భమది. వచ్చువారెల్లరు 1815వ సంవత్సరమునకు పూర్వపు చారిత్రక వేషములతోనైనను, ఏదేని భావమునకు ప్రతీకయగు వేషముతోనైనను రావలెనని ఆహ్వానపత్రమున కోరిరి. ప్రభువులు పాతకాలపు రాజులై, వీరులై, మతగురువులై వచ్చిరి. ఆ రాత్రి వారు ఇంట విడిచి వచ్చినది ఏమి? ప్రతి సాయంకాలము భోజనమునకు, నాటకమునకు, నృత్యమునకు విధిగా తొడుగుకొను నల్లని టెయిల్‌కోటు. దాని నుండి ఒక్క రాత్రి తప్పించుకొనుటకే వారికి వేషము కావలసివచ్చినది. నూరేండ్లు గడచునప్పటికి కాలము తారుమారైనది. నేడు పాశ్చాత్య దేశములలో 1920, 1930ల నాటి నృత్యములను పునరుద్ధరించి ఆడుకొనువారికి ఆ నల్లకోటే వేషమైనది.

ఇది మనకు బొత్తిగా సంబంధింపని సంగతి యనుకొనరాదు. మన తెలుగు యువకులు అనేకులు ఇంగ్లాండు, ఆస్ట్రియా, అమెరికా దేశములలో చదువుచున్నారు. ఆక్స్‌ఫర్డు కళాశాలల పెద్ద నృత్యోత్సవములు కొన్నింటికి నేటికిని టెయిల్‌కోటు ధరించి రావలెనను నియమము కలదు. వియన్నా సంగీతనాటకశాలలో ఏటేట జరుగు నృత్యమునకు మగవారిని ఆ దుస్తులలో తప్ప లోనికి రానీయరు. అట్టి పిలుపు వచ్చినప్పుడు క్రొత్తది కుట్టించుకొనుటకు చాల ధనము కావలెను. అద్దెకు తెచ్చినది అందరికిని సరిపోవునట్లు కుట్టినది గనుక ఎవ్వరికిని సరిగా సరిపోదు. మిగిలిన మార్గము పాత బట్టల దుకాణము. అచ్చట మంచి దర్జీ చేతి పని, ఈనాడు దొరకని దిట్టమైన ఉన్నిగుడ్డ, క్రొత్తదాని వెలలో చిన్న భాగమునకే దొరకవచ్చును. తెలియక కొన్నచో పైకము పోవుటయే కాక, నృత్యము నడుమ వీపు కుట్టు విడిపోవచ్చును.

మొదట తెలిసికొనవలసినది, రాత్రి దుస్తులు రెండు విధములని. తెల్లని బో టై, తెల్లని వెయిస్టుకోటు, వెనుక రెండు తోకలు వ్రేలాడు నల్లకోటు గలది పెద్ద వేషము. నల్లని బో టై, తోకలు లేని పొట్టికోటు గలది చిన్న వేషము. దీనినే డిన్నర్ జాకెట్ అందురు. అమెరికాలో టక్సీడో అందురు. ఈ పొట్టికోటును 1865వ సంవత్సరమున వేల్సు యువరాజు కొరకు తామే మొదట కుట్టితిమని లండనులోని హెన్రీ పూల్ దుకాణమువారు చెప్పుకొందురు. టక్సీడో యను పేరు మాత్రము న్యూయార్కు సమీపమున 1886లో వెలసిన టక్సీడో పార్కు అను ధనికుల విహారస్థలము నుండి వచ్చినది. మొదట ఇంటిలో ఆప్తుల నడుమ మాత్రమే తొడిగెడి ఈ కోటు, మొదటి ప్రపంచయుద్ధము తరువాత సభలకెక్కినది. కావున 1900 నాటి నృత్యమును అనుకరించు ఉత్సవమునకు పొట్టికోటుతో పోవుట కాలవిరుద్ధము. 1930ల నాటి ఉత్సవమునకు రెండును చెల్లును.

ఈ రెండింటిని కలుపరాదు. టెయిల్‌కోటుకు నల్లని టై కట్టినచో ఆనాటి పద్ధతి ననుసరించి మీరు అతిథి కారు, వడ్డించువారు. పెద్ద భోజనశాలలలో వడ్డించువారికి అదియే వేషము. మీ చేతికి ఎవరైన ఖాళీ గ్లాసు అందించినచో వారిని తప్పుపట్టుటకు వీలులేదు. పంట్లాములను గూడ గమనింపవలెను. టెయిల్‌కోటు పంట్లాముకు ప్రక్క కుట్టు వెంట రెండు సన్నని పట్టీలుండును. డిన్నర్ జాకెట్టుదానికి ఒక్కటియే యుండును. దుకాణదారులు విడివిడి కోటును, పంట్లామును జతచేసి అమ్ముచుందురు. ఆ జతను వాకిట పగటి వెలుతురులోనికి తెచ్చి చూడుడు. పాత నల్లరంగు కొంత కాలమునకు ఒకదానియందు ఆకుపచ్చగను, వేరొకదానియందు గోధుమవన్నెగను తిరుగును. దీపముల వెలుగున ఒక్కటిగా కనబడినవి ఎండలో వేరైపోవును. 1930ల నాటి కోట్లలో కొన్ని అసలు నలుపే కావు, చిక్కని నీలము. విద్యుద్దీపముల క్రింద నలుపుకన్న నీలమే నల్లగా కనబడునని గ్రహించి, తరువాత ఎనిమిదవ ఎడ్వర్డు రాజైన యువరాజు ఆ రంగును వాడుకలోనికి తెచ్చెను. అట్టిది దొరికినచో విడువవలదు.

కోటు వయస్సును కనుగొనుటకు లోపలి జేబును తిరుగవేసి చూడవలెను. లండనులోని మంచి దర్జీలు కుట్టించుకొన్నవారి పేరును, తేదీని వ్రాసిన చిన్న కాగితపు చీటీని అచ్చట కుట్టెడివారు. బట్ట మీద సీసీ 41 అను ముద్ర యున్నచో అది 1941 మొదలు 1952 వరకు బ్రిటనులో అమలులో నుండిన యుద్ధకాలపు పొదుపు పథకము క్రింద తయారైనది. 1930ల సరుకని చెప్పినచో నమ్మరాదు. పంట్లాముకు ముందు వైపున గుండీలకు మారుగా జిప్పు ఉన్నచో అది 1930ల నడిమి కాలమునకు ముందుది కానేరదని తలంపవచ్చును.

ఇక కొలతలు. ఈ విషయమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది; ఏలయన కొన్నవారిలో సగము మంది నష్టపోవుట ఇచ్చటనే. పాత బట్టలపై నున్న సంఖ్యలను నమ్మవలదు. మీకు చక్కగా అమరిన కోటును బల్లపై పరచి, చంక నుండి చంకకు, భుజము కుట్టు నుండి భుజము కుట్టుకు, మెడ నుండి నడుము వరకు టేపుతో కొలిచి, ఆ కొలతలను కాగితముపై వ్రాసికొని దుకాణమునకు పోవలెను. నడుము వద్ద కొంత విప్పవచ్చును, కొంత బిగింపవచ్చును. లోపల గుడ్డ మడిచి విడిచినచో చేతులను పొడిగింపవచ్చును. భుజములను మాత్రము మార్చుట కుదరదు. భుజము సరిపోని కోటును ఎంత చవుకకు వచ్చినను తిరిగి అచ్చటనే వ్రేలాడదీసి రావలెను.

అద్దము ముందు చేతులు క్రిందికి విడిచి నిలుచుండిన చాలదు. నృత్యమున నిలుచునట్లు నిలువవలెను: ఎడమచేయి భాగస్వామిని చేయి పట్టుకొనుటకు ప్రక్కకు చాచి, కుడిచేయి ఆమె వీపున ఆనించునట్లు ఎత్తి. అప్పుడు కోటు కాలరు మెడను వదలి పైకి లేచినచో, భుజములు చెవుల వైపు ఎగబ్రాకినచో ఆ కోటు నృత్యమునకు పనికిరాదు. దీనికి కారణము చంక రంధ్రము. చంక రంధ్రము పెద్దదైన సుఖముగా నుండునని సామాన్యముగా తలతురు. జరుగునది వేరు. రంధ్రము క్రిందికి జారియున్నచో చేయి ఎత్తినపుడెల్ల అది కోటు ప్రక్కభాగము నంతటిని తనతో లాగుకొని పోవును. చంకకు ఎత్తుగా, దగ్గరగా నున్నచో చేయి మాత్రమే కదలును, కోటు కదలదు. మన ఇండ్లలో స్త్రీలకు ఈ మర్మము చక్కగా తెలియును. చంక వదులైన రవికె చేయి ఎత్తినప్పుడెల్ల పైకి లేచును గదా. 1935లో వచ్చిన టాప్ హ్యాట్ చిత్రమున ఫ్రెడ్ ఆస్టైర్ నృత్యమును చూడుడు. ఆయన చేతులు ఎటు తిరిగినను కాలరు మెడనంటియే యుండును. ఆ గొప్పతనములో కొంత ఆయనది, కొంత దర్జీది.

రెండవ చిక్కు నడుము వద్దది. టెయిల్‌కోటు ముందుభాగము నడుము వద్దనే ఆగిపోవును. దానికి గుండీలు పెట్టరు. దాని క్రిందికి తెల్లని వెయిస్టుకోటు అంచు కనబడుట తప్పు. వెయిస్టుకోటుకు, పంట్లాముకు నడుమ చొక్కా కనబడుట అంతకన్న పెద్ద తప్పు. ఈ రెండును జరుగకుండవలెనన్న పంట్లాము బొడ్డు వరకు రావలెను. ఈనాటి పంట్లాములు మొలకు దిగినవి గనుక ఎంత మంచి పాత కోటు కొన్నను, క్రొత్త పంట్లాముతో జతపరచినచో ఉదరముపై ఒక తెల్లని చార బయటపడును. దానిని దాచుటకు వెయిస్టుకోటును క్రిందికి లాగుదురు. అది కోటు అంచున కొంగువలె వ్రేలాడును. పాత పంట్లామునే సంపాదించి, బెల్టు లేకుండ, భుజముల మీదుగా వచ్చు పట్టీలకు తగిలింపవలెను. అవి పంట్లామును పై నుండి పట్టుకొనును గనుక ఎంత గంతులు వేసినను అది జారదు.

చొక్కా విషయమున పాతదానికొరకు పట్టుపట్టనక్కరలేదు. ముందుభాగమున గంజి దట్టముగా పట్టించిన చొక్కా క్రొత్తది దొరకును. గంజితో బిగిసిన గుడ్డలో మామూలు గుండీ దూర్చుట కష్టము గనుక దానికి స్టడ్డులు వాడుదురు. కాలరు వేరుగా నుండి, ముందొకటి వెనుకొకటి స్టడ్డుతో చొక్కాకు తగిలించబడును. కాలరు చొక్కా మెడపట్టీకన్న అర అంగుళము పెద్దదై యుండవలెను; సమానముగా కొన్నచో మెడ నొక్కును. ఒక కాలమున న్యూయార్కు రాష్ట్రములోని ట్రాయ్ పట్టణము ఇట్టి కాలర్లకే ప్రసిద్ధికెక్కినది. పంచెకు గంజి పెట్టుట తెలిసిన మన చాకలివానికి ఈ పని అప్పగించినచో ఏ లండను వానికిని తీసిపోకుండ చేయగలడని నా నమ్మకము.

కొనుటకు ముందు కోటును వెలుతురున కెదురుగా ఎత్తి పట్టుకొని చూడవలెను. ఉన్నిని తిను పురుగు చేసిన చిల్లులు సూదిమొనలంత మెరయును. ఒకటి రెండైన రఫ్ఫు చేయించవచ్చును, జల్లెడయైనచో వదలివేయవలెను. కాలరు మడతలపై నుండు పట్టును వ్రేలితో మెల్లగా తాకి చూడుడు. పాత పట్టు కొన్నియెడల ఎండిన ఆకువలె పగిలియుండును. చంకల వద్ద అస్తరును వెనుకకు త్రిప్పి చూచుట అన్నింటికన్న ముఖ్యము. ఏండ్ల క్రిందటి చెమట అచ్చట గుడ్డను లోలోపల తినివేసి యుండును. పైకి చూడచక్కని కోటు మొదటి వాల్ట్జు నృత్యముతోనే చినుగుట దీనివలననే.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలదు. ఒక మనిషి కొలతకు కుట్టి, వాని పేరు జేబులో నిలిచి, తొంబది ఏండ్లు బ్రదికిన వస్త్రమును ఒక రాత్రి వేడుకకు చెమటలో తడిపి, కత్తిరించి, పాడుచేయవచ్చునా? కొందరు తొడుగుట కొరకే అది పుట్టినదందురు. నా అభిప్రాయము మధ్యస్థము. 1930ల నాటి దిట్టమైన ఉన్నికోట్లు పెక్కు నిలిచియున్నవి. అవి నృత్యమునకు తట్టుకొనును, తొడుగుకొనవచ్చును. 1900కు పూర్వపువి అరుదు, వాని దారము బలహీనము. అట్టివి దొరికినచో పురావస్తుశాలకు చూపుట మేలు. వేషమునకు వాని నమూనాను చూచి క్రొత్తది కుట్టించుకొనవచ్చును. దేనినైనను సరిచేయించునపుడు లోపలి గుడ్డను కత్తిరింపనీయక మడిచి కుట్టుమని దర్జీకి చెప్పవలెను. అప్పుడు మీ తరువాత తొడుగువానికి అది మరల విప్పుకొనుటకు వీలుండును.

బూట్లు పాతవి కొనవలదు. నిగనిగలాడు పేటెంటు తోలు పాతబడినకొలది బీటలు వారును, వంచినచోటనే తెగును. తోలు అడుగుగల క్రొత్తవి కొనుడు. రబ్బరు అడుగు నృత్యశాల నేలపై జారక కాలిని పట్టివేయును. పట్టు టోపీకి నేసెడి ఆనాటి గుడ్డ నేడు తయారగుట లేదు గనుక పాత టోపీలకు వెల హెచ్చు. పెద్ద తలలకు సరిపోవునవి మరింత అరుదు. టోపీ ఎట్లును ద్వారము వద్దనే అప్పగింతురు. ఆ పైకమును కోటుపై పెట్టుట తెలివి.

చిన్న వేషము వేసికొనువారికి మన దేశపు వస్తువొకటి కలసివచ్చును. డిన్నర్ జాకెట్టుతో నడుమునకు చుట్టు మడతల పట్టుపట్టీని ఇంగ్లీషువారు కమ్మర్‌బండ్ అందురు. అది పారసీకము నుండి హిందూస్తానీ ద్వారా పోయిన మన కమర్‌బందే. పందొమ్మిదవ శతాబ్దమున భారతదేశమందలి ఆంగ్ల సైనికాధికారులు ఎండకు తాళలేక వెయిస్టుకోటు విడిచి ఈ నడికట్టును చుట్టుకొనిరి. దీనిని మడతలు పైకి తెరచుకొనునట్లు కట్టుదురు. టెయిల్‌కోటుతో మాత్రము ఇది చెల్లదు. అసలు ఈ బాధలేవియు వలదనుకొనువారికి మరియొక దారి కలదు. స్టాక్‌హోములో డిసెంబరు 10వ తేదీన జరుగు నోబెల్ సభలోనే టెయిల్‌కోటుకు మారుగా జాతీయ దుస్తులను అంగీకరింతురు. అయితే వేషనృత్యమునకు ఆ సడలింపు కలదో లేదో ఆహ్వానించినవారిని ముందుగా అడుగవలెను.

కోటు ఇంటికి చేరిన తరువాత పది దినముల వరకైన దానిని నీడన గాలికి వ్రేలాడదీయుడు. దుకాణములలో కలరా ఉండలు వేసి దాచుదురు. ఆ వాసన ఒక్క పూటలో పోవునది కాదు. అత్తరు చల్లినచో రెండు వాసనలు కలసి మరింత దుర్భరమగును. నృత్యము ముగిసిన రాత్రి ఎంత ప్రొద్దుపోయినను కోటును కుర్చీపై పడవేయక, వెడల్పైన కొయ్య హ్యాంగరుకు తగిలించి, తోకలు రెండును సరిగా పడునట్లు సవరించి, మరునాడు బ్రష్షుతో దులిపి దాచవలెను.